కొంప మునిగిన తర్వాత

(ఇల్లు లేనివాళ్ల గురించి జరిగిన ఈ ప్రసంగాన్ని, ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వాళ్లకి వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరికి జరుపుకుంటాను. సరే.

ఒక చిన్న విషయంతో మొదలుపెడతాను. మన తెలుగులో ఏ అనర్థం జరిగినా అది ఇంటికే జరుగుతుంది, గమనించారా? వ్యాపారం దెబ్బతింటే కొంప మునిగింది అంటాం. కంగారుపడేవాణ్ని చూసి ఏం, కొంపలంటుకున్నాయా అంటాం. మోసం చేసినవాణ్ని నా కొంప కూల్చాడు అని తిడతాం. పరీక్ష తప్పినా కొంప మునిగినట్టే. ఇల్లు మాత్రం ఎక్కడికీ పోదు, ఉన్నచోటే ఉంటుంది. అంటే ఏమిటి? మనిషికి రాగల కష్టాల్లో అన్నిటికన్నా పెద్దది ఇల్లు పోవడమేనని మన పెద్దవాళ్లు ఎప్పుడో తేల్చేసుకున్నారు. మిగతా కష్టాలన్నిటికీ దాని పేరే పెట్టారు. మరి నిజంగానే కొంప మునిగినవాడు ఏమనాలి? వాడికి మాట ఎక్కడ మిగిల్చాం మనం?

చాలా ఏళ్ల కిందట నేనొక రాత్రి లెక్కింపుకి వెళ్లాను. వీధుల్లో పడుకునేవాళ్లని లెక్కపెట్టడానికి. మా చేతుల్లో ఒక ఫారం. పేరు, వయసు, పని, చిరునామా. నవ్వకండి, నిజంగానే చిరునామా గడి ఉంది. వేరే ఏదో సర్వేకి అచ్చువేసిన ఫారాలు మిగిలితే మాకిచ్చారు. ఒకాయన కరెంటు స్తంభం పక్కన పడుకుని ఉన్నాడు. చెప్పులు తలకింద పెట్టుకున్నాడు, ఎవరైనా పట్టుకుపోతారని. లేపాం. పేరు చెప్పాడు, వయసు చెప్పాడు. పనేమిటంటే తాపీ పని అన్నాడు. తాపీ పని! ఇళ్లు కట్టే మనిషి. చిరునామా అని అలవాటుగా అడిగేశాను, నోరు జారింది. ఆయన లేచి కూర్చుని స్తంభం మీద రంగుతో రాసిన నంబరు చూపించి, ‘అది రాసుకోండమ్మా, ఎండాకాలం నుంచి మారలేదు’ అన్నాడు. రాసుకున్నాను. మర్నాడు ఆఫీసులో ఆ గడి కొట్టేశారు. స్తంభం నంబరు చిరునామా కిందికి రాదట.

నాకు ఆ కొట్టివేత ఇప్పటికీ గుర్తే.

ఇలా లెక్కపెట్టడం చాలా దేశాల్లో ఉంది. మన జనగణనలో ఇల్లు లేనివాళ్లని ఒకే ఒక్క రాత్రి లెక్కపెడతారు. 2011లో అది ఫిబ్రవరి 28 రాత్రి. దేశమంతా కలిపి 17.73 లక్షల మంది అని తేలింది. 2001లో ఆ లెక్క 19.43 లక్షలు. అమెరికాలో ఏటా జనవరిలో ఒక రాత్రి లెక్కిస్తారు, 2024లో 7.71 లక్షలు వచ్చింది. మరి మనకన్నా ఎన్నో రెట్లు ధనిక దేశంలో, మనకన్నా తక్కువ జనం ఉన్నచోట, అంతమందా అని మీకు అనుమానం రావాలి. వచ్చిందా? రావాలి మరి. అక్కడ షెల్టర్లలో పడుకున్నవాళ్లని కూడా కలుపుతారు. ఫిన్లాండ్‌లోనైతే ఇంకా ముందుకెళ్లి, దారిలేక స్నేహితుల ఇంట్లోనో చుట్టాల ఇంట్లోనో సర్దుకుంటున్నవాణ్ని కూడా ఇల్లు లేనివాడి కిందే రాస్తారు. మన లెక్కలోకి ఫుట్‌పాత్ మీద, ఫ్లైఓవర్ కింద, గుడి మెట్ల మీద, ప్లాట్‌ఫారం మీద కనబడ్డవాళ్లు వస్తారు. కనబడకపోతే రారు. ఒంటరి ఆడమనిషి ఆ రాత్రి ఎక్కడ పడుకుంటుంది? ఎవరికీ కనబడని చోట. కనబడకుండా ఉండటమే ఆమెకి రక్షణ. అందుకని ఆమె లెక్కలోకి రాదు. ఈ దేశం లెక్కనీ ఆ దేశం లెక్కనీ పక్కపక్కన పెట్టి పోల్చే వార్తలు చదివినప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇక కారణాలు. ఇక్కడ కాస్త నిదానిస్తాను, ఎందుకంటే అందరం పొరబడేది ఇక్కడే. నేనూ పొరబడ్డాను.

ఎవరినైనా వీధిలో చూడగానే మన మనసులో వచ్చే ప్రశ్న ఒకటే. ఇతను ఇలా ఎందుకయ్యాడు? దానికి జవాబులు కూడా సిద్ధంగా ఉంటాయి. తాగుడు, జూదం, మతిస్థిమితం లేకపోవడం, సోమరితనం, పిల్లలు వదిలేయడం. వీటిలో అబద్ధాలేమీ లేవు, సోమరితనం తప్ప. పొద్దున్నుంచి రాత్రి దాకా నీళ్లు ఎక్కడ, మరుగుదొడ్డి ఎక్కడ, పోలీసు రాని మూల ఎక్కడ అని తిరిగే మనిషిని సోమరి అనడానికి నాకు నోరు రాదు. అది వేరే సంగతి.

ఒక ఏరు అనుకోండి. పన్నెండు మంది దాటాలి. పడవలో చోటు పదిమందికే. పడవ వెళ్లిపోయాక ఒడ్డున ఎవరు మిగిలారో చూడండి. ఒకడికి కాలు సరిగా లేదు, పరుగెత్తలేకపోయాడు. ఒకడు తాగి ఉన్నాడు. చూసినవాడు ఏమంటాడు? తాగాడు కాబట్టి మిగిలిపోయాడు అంటాడు. నిజమే కదా? నిజమే. కానీ ఆ రోజు వాడు తాగకపోయుంటే ఏమయ్యేది? వాడు ఎక్కేవాడు, ఇంకొకడెవడో దిగబడేవాడు. ఇద్దరు మిగలడం మాత్రం తప్పదు. ఎవరు మిగిలారనేది ఒక ప్రశ్న, ఎంతమంది మిగిలారనేది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు మనుషుల్లో వెతకొచ్చు. రెండోదానికి జవాబు పడవలో వెతకాలి. మనం మొదటి ప్రశ్నకి జవాబు చెప్పి రెండోదానికి కూడా చెప్పేశాం అనుకుంటున్నాం.

ఇది ఊరికే అల్లిన కథ అనుకోకండి. అమెరికాలో వెస్ట్ వర్జీనియా అని ఒక రాష్ట్రం ఉంది. బీదరికం ఎక్కువ. మత్తుమందులు మితిమీరి చనిపోయేవాళ్ల రేటులో ఆ దేశంలో ముందువరస. కాలిఫోర్నియా దానికి పూర్తిగా ఎదురు, సంపన్నమైన రాష్ట్రం. తాగుడూ మత్తే అసలు కారణమైతే వీధిలో ఉండేవాళ్లు ఎక్కడ ఎక్కువుండాలి? వెస్ట్ వర్జీనియాలో. కానీ కాలిఫోర్నియాలోనే చాలా ఎక్కువ. తేడా ఏమిటంటే అద్దెలు. వెస్ట్ వర్జీనియాలో అలవాట్లు పాడైనవాడికి కూడా ఏదో ఒక గది దొరుకుతుంది.

గది అన్నాను కాబట్టి ఒక గది కథ చెప్పాలి. ఇది నాకు చాలా ఇష్టమైన కథ, అంటే చెప్పడానికి ఇష్టమైనది, జరిగింది మాత్రం బాధాకరం. 1955లో అమెరికా ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో దాదాపు 5.59 లక్షల మంది రోగులుండేవారు. కొత్త మందులొచ్చాయి. ఆసుపత్రుల్లో బంధించడం అమానుషమన్న ఆలోచన వచ్చింది. నిజంగానే ఆ ఆసుపత్రుల్లో కొన్ని ఘోరంగా ఉండేవి. 1963లో అధ్యక్షుడు కెన్నెడీ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. రోగుల్ని పంపించేయండి, ఎక్కడికక్కడ మానసిక ఆరోగ్య కేంద్రాలు కడతాం అని. పంపించడం జరిగింది. 1980 నాటికి ఆసుపత్రుల్లో లక్షన్నర మంది కూడా లేరు. కేంద్రాలు మాత్రం అనుకున్నన్ని కట్టలేదు.

అందరూ కథ ఇక్కడే ఆపేస్తారు. రోగుల్ని వదిలేశారు, వీధిన పడ్డారు, అంతే అంటారు. కానీ తేదీలు చూడండి. ఆసుపత్రులు ఖాళీ అయింది ఎక్కువగా 60ల్లో, 70ల్లో. అమెరికా వీధుల్లో ఇల్లు లేనివాళ్లు గుంపులుగా కనబడటం మొదలైంది 80ల్లో. మధ్యలో వాళ్లంతా ఎక్కడున్నారు? ఇదీ అడగాల్సిన ప్రశ్న. చాలామంది నగరాల్లోని ఒంటిగది హోటళ్లలో ఉన్నారు. ఒక మంచం, ఒక కుర్చీ, వరండా చివర అందరికీ కలిపి ఒక బాత్రూమ్. వారానికింత అని అద్దె. ముసలివాళ్లు, తాగుబోతులు, మతిచెదిరినవాళ్లు, పాత ఖైదీలు, పనికోసం కొత్తగా దిగినవాళ్లు, అందరికీ అవే దిక్కు. చూడటానికి బాగుండవు. బాగుండవనే కూల్చారు. నగరాలు అందంగా కావాలనుకున్నాయి. న్యూయార్క్ అయితే వాటిని మంచి అపార్ట్‌మెంట్లుగా మార్చినవాళ్లకి పన్ను రాయితీ కూడా ఇచ్చింది. పడవలో చివరి బల్ల పీకేశారన్నమాట. ఆ బల్ల మీద కూర్చున్నవాళ్లు ఎవరో మనకి ముందే తెలుసు. ఆ తర్వాత వాళ్లని వీధిలో చూసి, చూశారా, వీళ్లంతా పిచ్చివాళ్లు, అందుకే ఇలా ఉన్నారు అన్నాం.

ఇక్కడే మరో సంగతి. ఇల్లు ఎక్కడో ఉండి పని ఇంకెక్కడో ఉంటే మనిషి దేన్ని పట్టుకుంటాడు? పనిని. 1981లో బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద ఉండేవాళ్లని వానాకాలంలో ఖాళీ చేయించి పంపేయబోయారు. ఓల్గా టెల్లిస్ అనే జర్నలిస్టు, మరికొందరు కోర్టుకెక్కారు. 1985లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ తీర్పు చెప్పింది. వాళ్లు ఫుట్‌పాత్ మీద ఉన్నది పని దగ్గరుంటుందని, అక్కడి నుంచి తోసేస్తే బతుకుతెరువు పోతుందని కోర్టు ఒప్పుకుంది. జీవించే హక్కులో బతుకుతెరువు హక్కు కూడా ఉందని చెప్పింది. న్యాయశాస్త్రం చదివేవాళ్లంతా ఇది బట్టీ పడతారు. అదే తీర్పులో, నోటీసిచ్చి ఖాళీ చేయించొచ్చు, కాకపోతే ఈ వానలు వెళ్లేదాకా ఆగండి అని కూడా ఉంది. ఈ రెండో సగాన్ని అంతగా ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఇంటి నుంచి వీధికి ఎవరూ ఒక్కరోజులో రారు. పని పోతుంది. ఒక నెల అద్దె ఆగుతుంది. అప్పు. రెండో నెల. సామాను ఒకచోట, మనిషి ఒకచోట. అన్నయ్య ఇల్లు. మొదటి వారం చుట్టం, మూడో వారం భారం. తర్వాత స్నేహితుడు. ఆ తర్వాత ఫోన్ తీయని స్నేహితుడు. భర్త కొడుతున్నాడని పిల్లల్ని తీసుకుని గడప దాటిన ఆవిడకి ఈ మెట్లు కూడా ఉండవు, ఆవిడ ఒక్క రాత్రిలోనే వచ్చేస్తుంది. అనాథాశ్రమం నుంచి పద్దెనిమిదేళ్లకి బయటికొచ్చిన కుర్రాడికి అన్నయ్య ఇల్లే లేదు. అంటే డబ్బు అయిపోవడంతో కథ అయిపోదు. డబ్బుతోపాటు మనుషులు కూడా అయిపోవాలి.

సరే, సమాజం ఏం చేస్తోంది? మొట్టమొదట చేసేది తరమడం. అది పాత అలవాటు. ఇంగ్లండ్‌లో 1824లో ఒక చట్టం తెచ్చారు, నెపోలియన్ యుద్ధాల నుంచి తిరిగొచ్చిన సైనికులు వీధుల్లో నిండిపోయిన రోజుల్లో. దేశం కోసం పోరాడి వచ్చినవాళ్లు సహా ఆరుబయట పడుకుంటే నేరమే. రద్దు చేయాలని పార్లమెంటు 2022లో నిర్ణయించింది, ఆ తర్వాత కూడా ఆ రద్దుని అమల్లో పెట్టకుండా ఏళ్లు గడిపారు. దాదాపు రెండొందల ఏళ్లు! మన దగ్గర 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టంలో, కళ్లకు కనబడే ఆధారమేదీ లేకుండా బహిరంగ ప్రదేశాల్లో తిరిగేవాడు కూడా బిచ్చగాడి కిందే లెక్క. అంటే చేయి చాచక్కర్లేదు, బీదగా కనబడితే చాలు. అది ఢిల్లీకీ వర్తించేది. అక్కడికి వర్తించే మేరకు కీలకమైన సెక్షన్లని ఢిల్లీ హైకోర్టు 2018లో కొట్టేసింది.

అమెరికాలో ఆరెగన్ రాష్ట్రంలో గ్రాంట్స్ పాస్ అని చిన్న ఊరు. పార్కులో దుప్పటి వేసుకుని పడుకుంటే 295 డాలర్ల జరిమానా. అద్దె కట్టలేనివాడికి జరిమానా! కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2024 జూన్ 28న ఆరుగురు జడ్జీలు ఊరి పక్షాన, ముగ్గురు ఎదురుగా నిలిచారు. ఊరు గెలిచింది. నిద్ర శరీరానికి అవసరమే గాని నేరమెలా అవుతుందని జస్టిస్ సోనియా సోటోమేయర్ భిన్నాభిప్రాయంలో రాశారు.

చట్టం లేకుండా తరిమే పద్ధతి కూడా ఉంది, ఇంకా మర్యాదగా ఉంటుంది. ఈసారి పార్కుకో బస్టాపుకో వెళ్లినప్పుడు బెంచీ మధ్యలో ఇనుప చేతులు ఎందుకున్నాయో చూడండి. ముసలివాళ్లు పట్టుకుని లేవడానికి అనుకుంటాం. కొన్నిచోట్ల అదీ నిజమే. చాలాచోట్ల ఎవడూ నడుం వాల్చకూడదని. నడుం వాల్చనివ్వని బెంచీ మీద మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారు కూడా సుఖంగా కూర్చోలేరు, ఆ సంగతి గుర్తుంచుకోండి.

రెండోది షెల్టర్. రాబర్ట్ కల్లహాన్ అనే ఇల్లు లేని మనిషి పేరు మీద 1979లో న్యూయార్క్‌లో ఒక దావా వేశారు. 1981లో నగరం దిగొచ్చి, అడిగినవాడికి రాత్రి పడక ఇస్తామని ఒప్పుకుంది. ఆ ఒప్పందం కుదిరే లోపే కల్లహాన్ వీధిలోనే చనిపోయాడు. దక్షిణాఫ్రికాలో ఐరీన్ గ్రూట్‌బూమ్ అనే ఆవిడ 2000లో రాజ్యాంగ న్యాయస్థానంలో గెలిచారు. నిలువ నీడ లేనివాళ్ల కోసం ప్రభుత్వం ఏదో ఒకటి చేసి తీరాలన్న ఆ తీర్పుని ప్రపంచమంతా పాఠంగా చెబుతారు. 2008లో ఆవిడ చనిపోయేనాటికి ఆవిడకి పక్కా ఇల్లు రాలేదు. ఇద్దరి పేర్లూ లా పుస్తకాల్లో ఉన్నాయి.

షెల్టర్ వద్దని నేననను. చలిరాత్రి ప్రాణం నిలబెట్టేది అదే. మన దేశంలో లక్ష పట్టణ జనాభాకి కనీసం వందమందికి సరిపోయే షెల్టర్ ఒకటి ఉండాలని నియమం ఉంది. కానీ షెల్టర్ ఉన్నా రారండీ, వాళ్లకి వీధే అలవాటైపోయింది అని చాలామంది అంటారు. ఎందుకు రారో అడిగారా? నేనడిగాను. భార్యాభర్తలైతే విడివిడిగా పడుకోవాలి. తోపుడుబండి లోపలికి రానివ్వరు, బయట పెడితే తెల్లారేసరికి ఉండదు. పొద్దున ఆరింటికి లేపి పంపేస్తారు, రాత్రి డ్యూటీ చేసినవాడు పగలు పడుకోవడానికి లేదు. ఒకాయనైతే, లోపల ఫ్యాన్ ఉందమ్మా, కానీ నా కూలీ అడ్డా ఇక్కడుంది అన్నాడు. మళ్లీ అదే, పని.

మూడో పద్ధతి మెట్ల పద్ధతి. ముందు తాగుడు మాను, మందులు వేసుకో, క్రమశిక్షణ చూపించు, అప్పుడు ఇల్లిస్తాం. వినడానికి సబబుగానే ఉంటుంది. మనం పిల్లలకి చెప్పేది ఇంట గెలిచి రచ్చ గెలవమని. వీధిలో ఉన్నవాడికి మాత్రం రచ్చ గెలిచి రా, ఇల్లిస్తాం అంటున్నాం. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు అన్నట్టుంది వ్యవహారం.

ఈ ముడిని ఒకాయన తిరగేశాడు. శామ్ సెంబెరిస్, న్యూయార్క్‌లో సైకాలజిస్టు. 1992లో ముందు ఇల్లు ఇచ్చేద్దాం, మిగతాది తర్వాత చూద్దాం అన్నాడు. పిచ్చి పని అన్నారు. చాలామంది ఆ ఇళ్లలో నిలబడ్డారు. ఇది నిజమా, వాళ్లు చెప్పుకుంటున్నారా అని మీలాగే అనుమానం వచ్చి కెనడా 2009 నుంచి 2013 దాకా ఐదు నగరాల్లో రెండువేల మందికి పైగా మనుషులతో పరీక్షించింది. లాటరీ తీసినట్టు కొందరికి ముందే ఇల్లు, మిగతావాళ్లకి మామూలు సేవలు. చివరి ఆరు నెలల్లో పూర్తిగా ఇంట్లో ఉన్నవాళ్లు మొదటి గుంపులో 62 శాతం, రెండోదానిలో 31 శాతం. రెట్టింపు. అయితే ఇంకోటి కూడా చెప్పాలి, చెప్పకపోతే తప్పవుతుంది. తాగుడు, మానసిక జబ్బు విషయంలో రెండు గుంపులకీ పెద్ద తేడా రాలేదు. ఇల్లిస్తే అన్నీ బాగైపోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇల్లిస్తే ఇల్లులేకపోవడం బాగవుతుంది. అదీ మనం అడుగుతున్నది.

ఫిన్లాండ్ దీన్ని దేశమంతటికీ తెచ్చింది, 2008లో. హెల్సింకీలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ వాళ్ల పాత హాస్టల్, దాదాపు 250 పడకలది, దాన్ని ఎనభై చిన్న ఫ్లాట్లుగా మార్చారు. పడకలు తగ్గించి తలుపులు పెంచారు. 80ల్లో పద్దెనిమిదివేలకి పైగా ఉన్న ఇల్లు లేనివాళ్ల సంఖ్య 2023కి 3,429కి వచ్చింది. మరుసటి ఏడు, 2024లో, మళ్లీ 3,800 దాటింది. ఇంటి అద్దె సాయాల్లో కోతపెట్టిన తర్వాత. మనుషులు ఒక్క ఏడాదిలో చెడిపోయారా మరి? పడవ చిన్నదైంది.

ఒక చీటీ పంపారు. చదువుతాను. ‘ఊరికే ఇల్లిస్తే, నెలనెలా కష్టపడి అద్దె కడుతున్న నాలాంటివాళ్లకి అన్యాయం కాదా?’ మంచి ప్రశ్న, దాచుకోకుండా అడిగారు. మొదట, ఊరికే ఇవ్వరు. ఫిన్లాండ్‌లో వాళ్ల పేరు మీదే అద్దె ఒప్పందం ఉంటుంది, అద్దె కడతారు, చాలనిదానికి ప్రభుత్వ సాయం. న్యూయార్క్‌లో తమకొచ్చే దాంట్లో ముప్పై శాతం కట్టేవాళ్లు. రెండోది, చీటీ రాసినవారికి అద్దె భారమైపోతోంది, అది అక్షరాల్లోనే తెలుస్తోంది. మీ అద్దె పెరగడానికీ ఆయన స్తంభం పక్కన పడుకోవడానికీ కారణం ఒకటే. మీకు పడవలో చోటు దొరికింది, కానీ అంచున కూర్చున్నారు. మీకు కోపం రావడంలో తప్పేం లేదు. నాకూ వస్తుంది. ఒడ్డున ఉన్నవాడి మీద మాత్రం రాదు.

ఇంకో చీటీ ఉంది గాని రాత అర్థం కావడం లేదు. ఎవరిదో కాస్త లేచి చెబుతారా? మైకు అందిస్తారు.